పిల్లల నవల టీచర్ చేతిలో పడితే: ఎలా చదవాలి, ఏం మాట్లాడాలి

ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు ఇంటర్వెల్‌లో వచ్చి, అట్ట చిరిగిన పిల్లల నవల ఒకటి చూపించి "టీచర్, మీరిది చదివారా?" అని అడిగింది. చదవలేదు. కానీ ఏళ్ల తరబడి తెలుగు చెబుతున్న మనిషిని కదా, "ఆ, ఎప్పుడో చదివానమ్మా, మంచి పుస్తకం" అనేశాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అయితే చెప్పండి టీచర్, చింతచెట్టు కింద ముసలామె నిజంగా దెయ్యమేనా, లేకపోతే ఆ పిల్లోడు అలా అనుకున్నాడా?" నాకు చెమటలు పట్టాయి. "నువ్వే ఆలోచించు" అని తప్పించుకున్నాను. పిల్లకి విషయం అర్థమైపోయింది. పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాదంతా నా దగ్గర మళ్లీ పుస్తకం ఊసెత్తలేదు.

పిల్లల చేత పుస్తకాలు ఎలా చదివించాలో చెప్పే వ్యాసాలు మనకు బోలెడున్నాయి. వాళ్లకు నచ్చిన పుస్తకాలు టీచర్ ఎలా చదవాలో చెప్పేవి తక్కువ. ఈ లోటు మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో 2006-07లో 1,200 మంది ప్రాథమిక పాఠశాల టీచర్లను పిల్లల కోసం రాసే ఆరుగురు కవుల పేర్లు రాయమన్నారు. 22 శాతం మంది ఒక్క పేరు కూడా రాయలేకపోయారు. అంత పుస్తకాల మార్కెట్ ఉన్న దేశంలోనే పరిస్థితి అది.

నేను కొన్నేళ్లుగా చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ వచ్చిన పద్ధతి కింద రాస్తున్నాను. తెలుగు టీచర్లను దృష్టిలో పెట్టుకుని రాసినా, లెక్కల టీచర్‌కీ పనికొస్తుంది. నిజానికి లెక్కల సార్ చేతిలో పిల్లల నవల కనిపిస్తే పిల్లలు ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోతారు.

1. వాళ్లు నిజంగా ఏం చదువుతున్నారో కనిపెట్టండి

క్లాసులో నిలబడి "మీరు ఏ పుస్తకాలు చదువుతారు?" అని అడక్కండి. అడిగితే వచ్చే జవాబులు ముందే తెలుసు. రామాయణం, కలాం గారి జీవిత చరిత్ర, నీతి కథలు. అవి మనల్ని సంతోషపెట్టడానికి చెప్పే జవాబులు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. లైబ్రరీ బీరువాలో నలిగిన పుస్తకాలు ఏవి? మూలలు మడతపడినవి, కుట్టు ఊడినవి, అట్టకి బ్రౌన్ పేపర్ వేసి మళ్లీ చింపినవి. ఇష్యూ రిజిస్టర్ ఉంటే ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రిజిస్టర్ లేకపోతే, ఏ పుస్తకం తిరిగి రాకుండా పోయిందో గుర్తు చేసుకోండి. పోయిన పుస్తకం ఎవరికో బాగా నచ్చిన పుస్తకమే.

ఇంకో చిన్న ఉపాయం. పేరు రాయొద్దని చెప్పి తలా ఒక చీటీ ఇవ్వండి. రెండే ప్రశ్నలు: "ఈ మధ్య ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని చదివిన పుస్తకం ఏది? సగంలో వదిలేసిన పుస్తకం ఏది?" రెండో ప్రశ్న మరిచిపోకండి, అసలు సమాచారం అక్కడే దొరుకుతుంది. వదిలేసిన పుస్తకం గురించి పిల్లలు అబద్ధం చెప్పరు.

ఒక్కో బడిలో ఒక్కో లోకం కనిపిస్తుంది. టౌన్లో ఇంగ్లీష్ మీడియం పిల్లల బ్యాగుల్లో డైరీలా రాసి మధ్యమధ్య కార్టూన్లు వేసిన నవలలు ఉంటాయి. అన్నయ్య పుస్తకం చెల్లెలికి, చెల్లెలిది పక్కింటి పాపకి తిరుగుతుంటాయి. మండల కేంద్రానికి దూరంగా ఉన్న బడిలో చీటీలు సగం ఖాళీగా వస్తాయి. మా బడిలో మొదటిసారి 38 చీటీల్లో 21 ఖాళీగానే వచ్చాయి. "మా పిల్లలకు చదివే అలవాటు లేదు" అని అప్పుడు నేను తేల్చేయబోయాను. తర్వాత తెలిసింది, బీరువా తాళం రెండేళ్లుగా ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదని. చీటీలు ఖాళీగా వస్తే ముందు బీరువా సంగతి చూడండి.

2. పుస్తకం సంపాదించండి

పిల్ల దగ్గరే అడిగి తీసుకోవడం అన్నిటికన్నా మంచి దారి. "నీ పుస్తకం రెండు రోజులు ఇస్తావా? సోమవారం ఇచ్చేస్తా" అని అడగండి. చెప్పిన రోజున తిరిగి ఇవ్వండి. టీచర్ తన దగ్గర పుస్తకం అప్పు తీసుకోవడం పిల్లకి ఎంత గొప్పగా ఉంటుందో ఆ క్షణంలో ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. పేజీ మడవకండి, టీ మరక పడనివ్వకండి. మనం వాళ్లకి చెప్పే మాటలన్నీ మనకీ వర్తిస్తాయి.

కొనాలన్నా, వెతకాలన్నా కొన్ని చోట్లు ఉన్నాయి. తెలుగులో పిల్లల పుస్తకాల కోసమే పనిచేస్తున్న మంచి పుస్తకం సంస్థ, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం. డిసెంబరు చివర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగితే ఒకేచోట అన్నీ తిరగేసి చూసుకోవచ్చు. పాత పుస్తకాలైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, విజయవాడ లెనిన్ సెంటర్ ఉండనే ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అయితే అవి ఎక్కువగా చిన్న బొమ్మల కథలు, నవలల ఆకలి తీర్చవు.

శాఖా గ్రంథాలయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. అంటే అక్కడి పుస్తకాలకు డబ్బు కట్టింది మనమే. పిల్లల ర్యాక్ ఎక్కడో మూల దుమ్ము కొట్టుకుని ఉంటుంది. లైబ్రేరియన్‌ను అడిగి లోపలికి వెళ్లి చూడండి. ఇక ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటుకు వీలుంది. ఆ డబ్బుతో వచ్చే పుస్తకాల జాబితా ఎవరు తయారు చేస్తున్నారో కనుక్కుని, పిల్లల చీటీల్లోని పేర్లు అందులో చేరేలా చూడండి.

3. టైమ్ లెక్క వేసుకోండి

"మాకు టైమ్ ఎక్కడిది?" అనే మాట స్టాఫ్ రూమ్‌లో మొదట వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. తెలుగులో పిల్లల నవల చాలావరకు 60 నుంచి 100 పేజీల లోపు ఉంటుంది. అక్షరాలు పెద్దవి, మధ్యలో బొమ్మలు. పేజీకి నిమిషంన్నర వేసుకున్నా 80 పేజీల పుస్తకం రెండు గంటల్లో అయిపోతుంది. నాకు బడికి బస్సులో 40 నిమిషాలు పడుతుంది. మూడు ప్రయాణాల్లో ఒక నవల. నెలకి ఒకటి చదివినా విద్యా సంవత్సరం పూర్తయ్యేసరికి పది నవలలు. అంత చదివిన టీచర్ మన మండలంలో ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

వీలైతే కొంత భాగం పిల్లలు చూసేలా చదవండి. లీజర్ పీరియడ్‌లో వరండాలో కుర్చీ వేసుకుని, మధ్యాహ్న భోజనం అయ్యాక వేపచెట్టు కింద. చూడమని చెప్పక్కర్లేదు, వాళ్లే చూస్తారు. "టీచర్ ఎన్నో పేజీలో ఉన్నారు?" అని వెనక నుంచి తొంగి చూసి, "అయ్యో, ఇంకా అసలుది రాలేదు" అని పోతారు. ఆ "అసలుది" ఏమిటో అని మీకే ఆత్రం పుడుతుంది.

4. మొదటిసారి పెన్ను లేకుండా

మనకో వృత్తి జబ్బు ఉంది. చేతిలో ఎర్ర పెన్ను లేకపోయినా కళ్లతో దిద్దుతూ చదువుతాం. అచ్చు తప్పులు, అరసున్నాలు, "ఈ పదం గ్రాంథికం కదా", "ఈ సన్నివేశం ఏ సామర్థ్యానికి పనికొస్తుంది". అలా చదివితే పుస్తకం మన దగ్గరికి రాదు. మొదటిసారి చదివేటప్పుడు పెన్ను, కాగితం, ఫోను మూడూ పక్కన పెట్టండి. ఏమీ రాసుకోవద్దు.

మొదటి ముప్పై పేజీల్లో బోరు కొట్టడం ఖాయం. పెద్దవాళ్లం కదా, కథ ఎటు పోతుందో ముందే పసిగట్టేస్తాం. బోరు కొట్టిన చోటు మనసులో గుర్తు పెట్టుకుని ముందుకు పొండి. ఆ చోటు మళ్లీ పనికొస్తుంది. చాలాసార్లు మనకు విసుగు పుట్టిన పేజీయే పిల్లలు రెండోసారి, మూడోసారి చదువుకున్న పేజీ అయి ఉంటుంది.

అసలు చదవలేకపోతే వదిలేయండి. పిల్లలకున్న స్వేచ్ఛ మీకూ ఉంది. కాకపోతే ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో పుస్తకం ఇచ్చిన పిల్లకి నిజం చెప్పండి. "నలభయ్యో పేజీ దగ్గర నా వల్ల కాలేదమ్మా" అన్నప్పుడు నాకు రెండుసార్లు చీవాట్లు పడ్డాయి, ఒకసారి "నాకూ అక్కడే బోరు కొట్టింది టీచర్" అనే జవాబు వచ్చింది.

5. వాళ్లకి ఎందుకు నచ్చిందో వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే.

ఒక ఉదాహరణ చెబుతాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం 1981లో వచ్చింది. తెలుగులో 'రైలుబడి'. నవల కాదు గానీ పిల్లలు నవలలాగే చదువుతారు. టీచర్ల సమావేశాల్లో ఈ పుస్తకం మాట రాని రోజుండదు. మనకు నచ్చేది ఎవరు? ఆ హెడ్‌మాస్టారు కొబయాషి. కొత్తగా వచ్చిన చిన్నపిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటల పాటు కూర్చుని విన్న మనిషి. ఆ సన్నివేశం చెప్పి కళ్లు చెమర్చుకుంటాం. మా ఆరో తరగతి పిల్లల్ని ఏది నచ్చిందని అడిగితే, ఒకరు తప్ప అందరూ చెప్పింది ఒకటే: ఆ పిల్ల తన పర్సు మరుగుదొడ్డి గుంటలో పడేసుకుని, గరిటె లాంటి దానితో గుంటలోదంతా బయటికి తోడి పోసే ఘట్టం. చెబుతూ చెబుతూ ముక్కు మూసుకుని నవ్వుతారు. "అంత కంపు పనికి హెడ్‌మాస్టారు కొట్టలేదా టీచర్?" అని అడుగుతారు. కొట్టలేదు. పనయ్యాక అదంతా మళ్లీ లోపల వేసేస్తావు కదా అని అడిగి వెళ్లిపోతాడు. మనం నాలుగు గంటల ఘట్టంలో చూసిన మంచి మాస్టారినే పిల్లలు కంపు ఘట్టంలో చూశారు. దారి వేరు, చేరింది అక్కడికే. నేను వాళ్ల పేజీ చదివి ఉండకపోతే ఈ సంగతి తెలిసేది కాదు.

ఇలా వెతుకుతూ పోతే కొన్ని సంగతులు మళ్లీ మళ్లీ తగులుతాయి. పిల్లలకు నచ్చే నవలల్లో అమ్మానాన్నలు ఎక్కడికో వెళ్లిపోతారు. ఊరెళ్తారు, పనికెళ్తారు, కథ మొదట్లోనే చనిపోతారు. పెద్దవాళ్లకి ఇది క్రూరంగా అనిపిస్తుంది. పెద్దవాళ్లు ఉంటే పిల్లలు గుహలోకి ఎలా వెళ్తారు మరి? దారి ఖాళీ చేయడానికి రచయిత చేసిన ఏర్పాటు అది. రెండోది, తిండి. ఏం తిన్నారో వివరంగా రాసిన పేజీలు పిల్లలకు కంఠతా వస్తాయి. అమ్మమ్మ ఇంట్లో జంతికల డబ్బా ఏ అటక మీద ఉందో కూడా గుర్తుంటుంది. మూడోది, రహస్య స్థలం: పాడుబడ్డ మిల్లు, చెరువు గట్టు మీద మర్రి తొర్ర, ఎవరూ ఎక్కని డాబా. నాలుగోది మనకు మింగుడుపడనిది, ఒకే రకం కథ మళ్లీ మళ్లీ. సిరీస్ పుస్తకాలు చూసి "అన్నీ ఒకటే కదా" అని విసుక్కుంటాం. చదవడం ఇంకా కష్టంగా ఉన్న పిల్లకి ఆ "ఒకటే" పెద్ద ఊతం. మనుషులు తెలుసు, ఇల్లు తెలుసు, ఎవరు ఎలా మాట్లాడతారో తెలుసు. కొత్తగా అర్థం చేసుకోవాల్సింది జరిగే సంగతి ఒక్కటే కాబట్టి ధైర్యంగా పేజీ తిప్పుతుంది.

అధ్యాయం ఎక్కడ ఆగుతుందో చూడండి. 1947 జూలైలో మొదలైన చందమామలో, 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల కోసం నెల రోజులు ఎదురుచూసిన వాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. మా మామయ్య తన చిన్నప్పుడు పోస్ట్‌మాన్‌కి ఎదురెళ్లి పుస్తకం లాక్కునేవాడట. లోయ అంచున వేలాడుతున్న వాడిని అక్కడే వదిలేసి "ఇంకా ఉంది" అనేవారు. అదే కీలు నేటి పిల్లల నవలల్లోనూ పనిచేస్తుంది. ఏ పేజీ దగ్గర పుస్తకం మూయలేకపోయారో గమనించుకోండి. క్లాసులో చదివి వినిపించేటప్పుడు ఆగాల్సింది అక్కడే.

భాష సంగతి తెలుగు వాళ్లం ప్రత్యేకంగా చూసుకోవాలి. సంయుక్తాక్షరాలు పిల్లల్ని ఆపుతాయని మనం అనుకుంటాం. నా అనుభవంలో వాళ్లని ఆపేది పొడుగు వాక్యం. "లేచి, ముఖం కడుక్కుని, బయటికి వచ్చి, చూసి, ఆశ్చర్యపోతూ..." అని సాగిపోయే వాక్యం చివర క్రియ దొరికేసరికి ఎవరు లేచారో మరిచిపోతారు. "తదనంతరం", "పేర్కొన్నాడు" లాంటి మాటలు అనువాదాల్లో ఎక్కువ, అక్కడా కుంటుతారు. అదే పుస్తకంలో తమ ఇంటి మాట కనబడితే చూడాలి సంబరం. "టీచర్, వీళ్లు కూడా 'అంగి' అనే రాశారు!" అని ఒక పిల్లాడు పుస్తకం తెచ్చి వేలు పెట్టి చూపించాడు. చొక్కా అని రాస్తేనే అది పుస్తకమని అన్నాళ్లూ అనుకున్నాడట.

ఒక ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. మన పిల్లల నవలల్లో చాలా వాటికి చివరి అధ్యాయంలో ఒక మాస్టారో తాతయ్యో ప్రత్యక్షమై రెండు పేజీలు ఉపన్యాసం ఇస్తారు. పిల్లలు ఆ రెండు పేజీలు దాటేస్తారు. నేను కూడా.

6. రెండోసారి, నాలుగు ప్రశ్నలతో

రెండోసారి మొత్తం చదవక్కర్లేదు, తిరగేస్తే చాలు. ఇప్పుడు చిన్న నోట్‌బుక్ తీసుకోండి. బ్రిటిష్ రచయిత, ఒకప్పటి స్కూలు టీచర్ ఏడన్ ఛాంబర్స్ పిల్లలతో పుస్తకాల గురించి మాట్లాడటానికి నాలుగు మూల ప్రశ్నలు సూచించాడు. మన మాటల్లో: ఏది నచ్చింది? ఏది నచ్చలేదు? ఏది అర్థం కాలేదు? ఏది పదే పదే కనిపించింది? ఇవి పిల్లల కోసం చెప్పినవే. నేను ముందు నాకు నేనే వేసుకుంటాను.

మూడో ప్రశ్నకు జవాబు రాయడం మనకు కష్టం. టీచర్‌కి అర్థం కానిది ఉండటమేమిటి? నిజాయితీగా రాయండి. ఆ చింతచెట్టు ముసలామె దెయ్యమో కాదో రెండుసార్లు చదివినా నాకు తేలలేదు. నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను: "46వ పేజీ - ఆమె కాళ్లు కనిపించాయని ఒకచోట ఉంది, నీడ లేదని ఇంకోచోట ఉంది. ఏది నిజం?" పిల్లలతో మాట కలపడానికి దీన్ని మించిన సరంజామా లేదు.

కష్టస్థాయి కూడా ఇప్పుడే చూసుకోండి. ఐదు వేళ్ల పద్ధతి చాలామంది టీచర్లకు తెలిసిందే. ఏదో ఒక పేజీ తెరిచి పిల్లని చదవమనండి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఒంటరిగా చదువుకోవడానికి ఇప్పుడే బరువు. అయినా అదే కావాలని పట్టుబడితే ఇచ్చేయండి. ఇష్టం ఉంటే ఏడు వేళ్ల పుస్తకం కూడా లాక్కొస్తారు.

7. మాట కలపండి

ఎక్కడ మాట్లాడతామన్నది సగం పని. క్లాసులో నిలబెట్టి అడిగితే అది వైవా అయిపోతుంది. అసెంబ్లీ అయ్యాక క్లాసుకి నడిచే దారిలో, భోజనం లైన్లో, బస్సు కోసం ఎదురుచూస్తూ మాట్లాడండి.

ముందు మీ సంగతి చెప్పండి. ప్రశ్నతో మొదలుపెట్టొద్దు.

"నీ పుస్తకం అయిపోయిందమ్మా. మూడో అధ్యాయం నాకు నచ్చలేదు."

"ఎందుకు టీచర్? అదే కదా బాగుంటుంది!"

"మేకపిల్ల తప్పిపోవడమేగా, అంతసేపు వెతకాలా?"

"మీకు మేకలు లేవు కదా, అందుకే."

నిజంగానే ఇలా ఒకసారి నా నోరు మూయించారు. ఆ పిల్ల ఇంట్లో పదకొండు మేకలు. అంతవరకు ఆమె క్లాసులో నోరు విప్పి నాలుగు వాక్యాలు మాట్లాడటం నేను వినలేదు.

అడగకూడని ప్రశ్నల్లో మొదటిది "ఈ కథలో నీతి ఏమిటి?" అన్నది. ఈ ప్రశ్న వినగానే పిల్లలు పుస్తకం వదిలేసి మన ముఖం చదవడం మొదలుపెడతారు. "కష్టపడితే ఫలితం ఉంటుంది టీచర్" అంటారు. ఏ పుస్తకానికైనా సరిపోయే జవాబు. సారాంశం చెప్పమనడం, పాత్ర స్వభావం రాయమనడం కూడా ఇక్కడ వద్దు. వాటికి పాఠ్యపుస్తకం ఉంది. ఏడాది మధ్యమధ్యలో చేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో పుస్తక సమీక్ష అని ఉంటుంది కదా, నిజానికి అది ఇలాంటి మాటల కోసమే పెట్టింది. అది ఎలా తయారైందో మనందరికీ తెలుసు. క్లాసు ఫస్ట్ వచ్చే అమ్మాయి ఒకటి రాస్తుంది, మిగిలిన వాళ్లు పుస్తకం పేరు మార్చి దించుతారు. ఒకసారి నాకు వచ్చిన సమీక్షల్లో ఆరింటిలో, ఆరు వేరువేరు పుస్తకాలకు, "ఇందులోని కుందేలు పాత్ర నాకు నచ్చింది" అని ఉంది. కుందేలు ఉన్నది ఒక్క పుస్తకంలోనే. ఇప్పుడు నేను, నాతో పుస్తకం గురించి మాట్లాడిన పిల్లల్ని ఆ సంగతులే రాయమని, వాటికే ఆ మార్కులు వేస్తున్నాను. మేకల పిల్ల ఐదు లైన్లు రాసింది, అన్నీ తనవే.

కొందరు పిల్లలు మాట్లాడరు. పుస్తకం వాళ్ల సొంత గుట్టు. తవ్వొద్దు.

8. క్లాసుకి రుచి చూపించండి

పైకి చదివితే పేజీకి మూడు నిమిషాలు పడుతుంది. వారానికి రెండుసార్లు పదేసి నిమిషాలు కేటాయించినా 80 పేజీలు చదవడానికి పన్నెండు వారాలు, అంటే దాదాపు మూడు నెలలు పడుతుంది. కాబట్టి మొత్తం చదవాలని పెట్టుకోకండి. మొదటి పన్నెండు పేజీలు నాలుగు విడతల్లో చదవండి. నాలుగోసారి, మీరు ముందే గుర్తు పెట్టుకున్న ఆ మూయలేని చోట ఆపి, పుస్తకం టేబుల్ మీద పెట్టి బయటికి నడవండి. గొంతులు మార్చి నటించడం వస్తే మంచిదే, రాకపోయినా ఫర్వాలేదు. మామూలుగా, తొందర లేకుండా చదివితే చాలు. మధ్యలో ఆపి అర్థాలు చెప్పకండి.

తర్వాత వచ్చే చిక్కు కాపీలది. 40 మంది, ఒక్క పుస్తకం. తలా మూడు రోజులంటే 120 రోజులు. చివరివాడి వంతు వచ్చేసరికి ఏడాది సగం దాటిపోతుంది. అందుకే ఒక్కో పుస్తకం రెండు మూడు కాపీలు కొనడం, రకరకాల పుస్తకాలు ఒక్కొక్కటి కొనడం కన్నా మేలని నా అభిప్రాయం. అడిగినవాళ్ల పేర్లు వెనక అట్ట లోపల చీటీలో వరుసగా రాసుకోమనండి. ఆ వరుస వాళ్లే నడుపుకుంటారు, మనం చేయి పెట్టక్కర్లేదు. పుస్తకం పోతే ఫైన్ వేయొద్దు. ఒక్కరికి ఫైన్ పడితే పదిమంది పుస్తకం ముట్టుకోవడం మానేస్తారు.

సిలబస్ ఎప్పుడు అవుతుందని హెడ్‌మాస్టర్ అడిగితే చెప్పడానికి మన దగ్గర ప్రభుత్వం మాటే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో 'రీడ్' కార్యక్రమం మొదలుపెట్టి బడుల్లో రోజూ చదవడానికి సమయం కేటాయించమన్నారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎటూ ఉంటాయి. మొదలుపెట్టడానికి ఆ వారం అనువుగా ఉంటుంది, ఎవరూ అడ్డు చెప్పరు.

9. ఇబ్బంది పెట్టే పేజీలు వస్తే

వస్తాయి. రాక్షసుడు ఎప్పుడూ నల్లగానే ఉంటాడు. లావుగా ఉన్న పిల్లాడి మీద జోకులు ఉంటాయి. సవతి తల్లి చెడ్డది. పాత పుస్తకాల్లో కులం పేరు తిట్టుగా వస్తుంది. టీచర్ బెత్తంతో కొడితే అది హాస్యం.

నేను మొదట్లో అలాంటి పుస్తకాలు బీరువాలోంచి తీసి పక్కన దాచేసేదాన్ని. దాచానని తెలియగానే ఆ పుస్తకానికే గిరాకీ పెరిగింది. ఇప్పుడు దాచను. ఆ పేజీ నన్ను ఎక్కడ గుచ్చిందో చెబుతాను. "ఈ రాక్షసుడి రంగు గురించి ఇన్నిసార్లు ఎందుకు రాశారో నాకు నచ్చలేదు" అంటాను, అంతే. ఒకసారి అలా అన్న వారం తర్వాత ఒక అబ్బాయి నాలుగు పుస్తకాలు తెచ్చి నాలుగింటిలోనూ రాక్షసుడి రంగు చూపించాడు. ఛాంబర్స్ నాలుగో ప్రశ్న వాడికి నేను చెప్పనే లేదు.

కులం పేరుతో తిట్టు ఉన్న పేజీ మాత్రం వేరు. ఆ మాట వినాల్సి వచ్చే పిల్ల మన క్లాసులోనే కూర్చుని ఉంటుంది. అలాంటి పుస్తకం క్లాసులో పైకి చదవను, లైబ్రరీకి కొనమని చెప్పను.

తల్లిదండ్రులు వస్తారు కూడా. "దెయ్యాల పుస్తకం ఇచ్చారట, రాత్రి మంచం దిగట్లేదు" అని ఒక తల్లి వచ్చింది. ఆ పుస్తకం ఆమె చేతిలోనే పెట్టి, "మీరు కూడా చదివి చూడండమ్మా" అన్నాను. వారం తర్వాత ఆమె పంపిన కబురు: రెండో భాగం ఉందా అని.

10. వాళ్లు రాసింది మీ చేతికి వస్తే

ఇలా ఒక ఏడాది నడిచాక ఇంకో రకం పుస్తకం మీ టేబుల్ మీదికి వస్తుంది. వంద పేజీల రూళ్ల నోట్‌బుక్, అట్ట మీద స్కెచ్ పెన్నుతో బొమ్మ, లోపల 'మొదటి అధ్యాయం'. పిల్లలు రాసిన కథలు సంకలనాలుగా వేస్తున్న ప్రభుత్వ బడుల టీచర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఒకప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లిలోని ప్రకృతి బడి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రికలోనూ పిల్లల రాతలకు చోటు ఉండేది. పంపడం, అచ్చు వేయడం తర్వాతి సంగతి. ముందు దాన్ని కూడా పై పద్ధతిలోనే చదవాలి. మొదటిసారి పెన్ను లేకుండా. మీకు ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. గుణింతం తప్పులు అప్పటికి వదిలేయండి. దిద్దమని వాళ్లే అడిగిన రోజున కూర్చుని దిద్దొచ్చు.

నాకు అలా మొదట వచ్చిన నోట్‌బుక్ ఆ చింతచెట్టు అమ్మాయిదే, తొమ్మిదో తరగతికి వచ్చాక. రెండేళ్ల కిందట నేను అబద్ధం చెప్పానని ఆమెతో అప్పటికే ఒప్పుకున్నాను. పుస్తకం ఆలస్యంగానైనా చదివానని, నాకూ తేలలేదని కూడా చెప్పాను. ఆమె రాసింది ఆ ముసలామె కథే, ముసలామె వైపు నుంచి. మొదటి వాక్యంలోనే "దెయ్యం" అన్న మాటకి వత్తు లేదు. "టీచర్, రేపు ఇచ్చేయండి, ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు" అని చెప్పి వెళ్లింది.